బండ్ల బాట మీద జీపు ప్రయాణం

వంటలు, అల్లికలు ఉండే ఈ పేజీల్లో జీపు సంగతేమిటా అని ముక్కున వేలేసుకోకండి. జీపు కొన్నది మా వాడు. దాన్ని ఎక్కడ తిప్పాలి, ఎక్కడ తిప్పకూడదు అన్నది మాత్రం నేనూ నేర్చుకోవాల్సి వచ్చింది. ఎందుకంటారా? మగపిల్లలున్న తల్లులకు వేరే చెప్పనక్కర్లేదు. వాడు బండి తీసుకుని వెళ్లిన ప్రతి ఆదివారం నాకు అన్నం సహించేది కాదు. ఇంట్లో కూచుని గేటు వంక చూడడం కంటే వాడి పక్క సీట్లో కూచోవడమే నయమనిపించింది.

మాది సూర్యాపేట. నా పుట్టిల్లు మిర్యాలగూడ అవతల, దామరచర్ల దగ్గర పల్లె. అక్కను కోదాడలో ఇచ్చారు. ఈ మూడూళ్ల మధ్యే నా జీవితమంతా బస్సుల్లో గడిచింది. 2023 దసరాకు మా వాడు తన జీతం డబ్బులు కూడబెట్టి, 2018 మోడల్ థార్ బండి ఒకటి సెకండ్ హ్యాండులో కొన్నాడు. మా వారు దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "బియ్యం బస్తా పెట్టే చోటన్నా లేదు కదరా" అన్నారు. అంతే, మళ్లీ దాని జోలికి పోలేదు.

తెలియని వాళ్ల కోసం చెబుతాను. మామూలు కార్లో ఇంజను బలం రెండు చక్రాలకే అందుతుంది. ఆ రెండూ బురదలో జారితే బండి ఇక కదలదు. ఈ బండిలో గేరు రాడ్డు పక్కన ఇంకో చిన్న రాడ్డు ఉంటుంది. దాన్ని మారిస్తే నాలుగు చక్రాలకూ బలం అందుతుంది. 'లో' అనే చోట వేస్తే బండి నత్తలా నడుస్తుంది గానీ ఏనుగంత బలం వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం కోసం అమెరికాలో పుట్టిన జీపును మహీంద్రా వారు 1940ల చివర్లో మన దేశంలో బిగించడం మొదలుపెట్టారు. థార్ అనే పేరుతో 2010లో తెచ్చారు. 2020 ఆగస్టు 15న దాని రూపం మార్చారు. ఇప్పుడు మారుతీ జిమ్నీ కూడా ఉంది, అది 2023లో వచ్చింది. మా చిన్నప్పుడు జీపు అంటే ఎలక్షన్లకూ పోలీసులకూ వాడే బండి. ఇప్పుడది కుర్రాళ్ల ముచ్చటయింది.

బండి వచ్చిన దగ్గర్నుంచి మా వాడిది ఒకటే పాట. లడఖ్ పోతా, స్పితి పోతా. "ఇక్కడేముందమ్మా, హైవే, దాని పక్కన హోటళ్లు తప్ప" అనేవాడు. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే వాళ్లంతా మా ఊళ్లో ఆగి టిఫిను తిని పోతారు కదా, వాళ్లకూ అంతే కనిపిస్తుంది. వెన్న చేతిలో పెట్టుకుని నేతికోసం ఊరంతా తిరిగినట్టు, ఇక్కడి దారులు చూడకుండా లడఖ్ ఏమిటిరా అన్నాను నేను. అన్నానే గానీ, ఆ దారులు ఎక్కడున్నాయో నాకూ తెలియదు.

మొదటిసారి 2024 సంక్రాంతి సెలవుల్లో బయల్దేరాం. మా వాడు సెల్‌ఫోనులో ఆకాశం నుంచి తీసిన బొమ్మలు చూసి, "ఇదిగో, ఇక్కడ సన్నటి దారి కనిపిస్తోంది" అన్నాడు. నిజమే, పచ్చటి మడుల మధ్య గీత గీసినట్టు కనిపించింది. తీరా వెళ్లాక అది దారి కాదు, పొలం గట్టు! అది తెలిసేసరికి ముందు చక్రం ఒకటి గట్టు దిగి, నాటు కోసం సిద్ధం చేసిన మడిలోకి జారింది. మా వాడు ఏవేవో రాడ్లు మార్చాడు. నాలుగు చక్రాలూ తిరిగాయి, నాలుగూ కూరుకుపోయాయి. గట్టు తెగి నీళ్లు పక్క మడిలోకి బుడబుడమని పోతున్నాయి.

భుజాన పార వేసుకుని ఒక పెద్దాయన వచ్చాడు. బండిని చూశాడు, మా వాణ్ణి చూశాడు. "పొలమనుకున్నవా, సడకనుకున్నవా బిడ్డా?" అన్నాడు. తర్వాత నా వంక తిరిగి, "నువ్వన్న చెప్పొద్దా అమ్మా?" అన్నాడు. తిట్టినా బాగుండేది. వ్యవసాయం ఇంట్లో పుట్టినదాన్ని, నాటు మడి గట్టు తెగితే ఏమవుతుందో నాకు తెలియదా? సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ట్రాక్టరు తెప్పించి బండిని బయటికి లాగించాడు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. మా వాడి చేతిలో పార పెట్టి, "గట్టు పెట్టి పో" అన్నాడు. ఎప్పుడూ పార పట్టనివాడు గంటసేపు మట్టి తీసి గట్టు పెట్టాడు. అరచేతుల్లో బొబ్బలు లేచాయి. ఆ గంటసేపూ ఆయన వేపచెట్టు కింద కూచుని నాతో చెప్పిన మాటలే మాకు దారి చూపించాయి. "నాలుగు చక్రాలు తిరిగితే ఏం లాభం, కింద పట్టు దొరకాలె గదా. నీకు బాట గావాల్నంటే ఫోన్ల జూడకు. ఊర్ల దిగి బండ్ల బాట యాడుందో అడుగు" అన్నాడు.

బండ్ల బాట! ఆ మాట విని ఎన్నేళ్లయిందో. నా చిన్నప్పుడు శివరాత్రికి మా నాన్న ఎడ్లబండి కట్టి మమ్మల్ని వాడపల్లి తీసుకుపోయేవాడు. కృష్ణలో మూసీ కలిసేది అక్కడే. బండిలో వరిగడ్డి పరిచి, దాని మీద బొంత వేసేవాళ్లు. ఆ దారికి తారు లేదు, కంకర లేదు. రెండు చక్రాల గాళ్లు, మధ్యలో గడ్డి. రెండువైపులా తుమ్మలు, రేగుచెట్లు. ఎడ్లు లాగగలిగిన దారి గనక మరీ నిటారుగా ఉండదు, వాగు దాటే చోట కింద రాయి ఉంటుంది. ఎన్ని తరాల వాళ్లు చూసుకుని వేసిన బాటలో అవి! జీపుకు కావాల్సింది సరిగ్గా అదే. రోడ్లు వేశాక చాలా బాటల్ని జనం వదిలేశారు, కొన్ని పొలాల్లో కలిసిపోయాయి. మిగిలినవి ఇంకా ఉన్నాయి, వాటిలో ట్రాక్టర్లు, గొర్లమందలు నడుస్తున్నాయి.

వాటిని ఎలా పట్టుకోవాలో చెబుతాను వినండి. ప్రతి ఊరికీ నక్షా ఉంటుంది. మన వైపు నిజాం కాలంలో సర్వే చేసినవే చాలామటుకు. సర్వే నంబర్ల మధ్య బండ్ల బాటలు అందులో గీసి ఉంటాయి. నక్షాలో ఉన్న బాట ఏ ఒక్కరి సొంతమూ కాదు, ఎవరైనా నడవొచ్చు. నక్షాలో లేక చేను మధ్యలోంచి పోయే దారి ఆ రైతుది, అడగకుండా అడుగు పెట్టకూడదు. ఇది కాక సర్వే ఆఫ్ ఇండియా వారి పటాలున్నాయి. ఆ ఆఫీసు 1767 నుంచి ఉంది. భూమి మీద అర కిలోమీటరును పటంలో ఒక్క సెంటీమీటరుగా చూపిస్తూ గుట్టలు, వాగులు, చెరువులు, బండ్ల బాటలు అన్నీ గీశారు. 2017 నుంచి చాలా పటాలు మనలాంటి వాళ్లకు ఊరికే దొరుకుతున్నాయి. మా వాడు అవి తెచ్చి భోజనాల బల్ల మీద పరిచాడు. పప్పు గిన్నె పెట్టడానికి చోటు లేక మా వారు వారం రోజులు విసుక్కున్నారు.

అయితే పాత పటాన్ని పూర్తిగా నమ్మకండి. ఆ సంగతి మాకు మేళ్లచెరువు అవతల తెలిసింది. పటంలో కృష్ణ వైపు చక్కటి దారి ఉంది, దారి పక్కన ఊరు కూడా ఉంది. వెళ్లాం. కొంతదూరం గుంతలు, తర్వాత తారు పెచ్చులు, తర్వాత ఆ దారి నేరుగా నీళ్లలోకి దిగిపోయింది. అవతల ఒడ్డు దాకా నీళ్లే. కృష్ణ మీద పులిచింతల ప్రాజెక్టు 2013 డిసెంబరులో మొదలైంది కదా, ఆ వెనక నీళ్లలో మన వైపు పల్లెలు కొన్ని మునిగిపోయాయి. పటంలో ఆ ఊళ్లు ఇంకా బతికే ఉన్నాయి, గుడి గుర్తు, బావి గుర్తు అన్నీ ఉన్నాయి. చేపల వలలు సర్దుకుంటున్న ఒకామె మమ్మల్ని చూసి, "మా ఊరికా? పోండి, పడవ మాట్లాడుకోండి" అని నవ్వింది. ఆ నవ్వులో నవ్వేమీ లేదు. మా వాడు అక్కడే బండి ఆపి చాలాసేపు నీళ్ల వంక చూశాడు. చీకట్లో వచ్చి ఉంటే ఏమయ్యేదో అని నేను వేరే ఆలోచిస్తున్నాను.

అందుకే ముందు పటం, తర్వాత ఫోనులో బొమ్మ, చివరికి మనిషి. ఈ మూడూ ఒకే మాట చెబితేనే బండి దించాలి. మనిషి అంటే ఎవరినిబడితే వాళ్లను అడిగితే లాభం లేదు. రోడ్డు మీద టీ కొట్టు కుర్రాడికి హైవే తప్ప తెలియదు. గొర్లు కాసే వాళ్లను అడగండి. కాలువ నీళ్లు వదిలే లస్కరును అడగండి. ట్రాక్టరు నడిపేవాళ్లను అడగండి, వాళ్లు ఏ చోట మెత్తన, ఏ చోట గట్టి అన్నది మట్టి పేరుతో సహా చెబుతారు. చెల్క నేల, మొరం నేల అయితే వాన పడిన రెండో రోజుకే బండి నిలుస్తుంది. నల్లరేగడి అలా కాదు, పైన ఎండినట్టుండి లోపల ముద్దలా ఉంటుంది, చక్రానికి పట్టుకుంటే వదలదు. ఆడవాళ్లతో మాట కలపడం నా పని. నాట్లు వేసే వాళ్ల దగ్గర దిగి నాలుగు మాటలు మాట్లాడితే, దారితో పాటు ఆ ఊరి సంగతులన్నీ తెలుస్తాయి.

మేము తిరిగిన చోట్లు కొన్ని చెబుతాను. సూర్యాపేటకు దగ్గరగా అయితే పిల్లలమర్రి. రోడ్డు మంచిదే, జీపు అక్కర్లేదు. కానీ చెరువు వైపు పొలాల బాటలు కొత్తగా నేర్చుకునే వాళ్లకు బాగుంటాయి. అక్కడి ఎరకేశ్వరాలయం కట్టించింది ఒక ఆడమనిషి, ఎరకసానమ్మ, 1208లో. రేచర్ల రెడ్ల ఇంటి కోడలు. ఆ నల్లరాతి స్తంభాలు వేలితో కొడితే మోగుతాయని చూపిస్తారు. దురాజ్‌పల్లి పెద్దగట్టు మరొకటి. రెండేళ్లకోసారి మాఘమాసంలో లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది, కిందటిసారి 2025 ఫిబ్రవరిలో జరిగింది. జాతరకు నలుదిక్కుల నుంచి బండ్లు వచ్చేవి గనక చుట్టుపక్కల పాత బాటలన్నీ అటే చూస్తుంటాయి. జాతర రోజుల్లో మాత్రం బండితో అటు పోకండి, కాలు పెట్టే చోటుండదు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఫణిగిరి. నాగారం మండలంలో ఉంది. పాము పడగలాంటి గుట్ట మీద బౌద్ధుల స్తూపం, విహారాలు. అక్కడ దొరికిన రాతి తోరణాల ముక్కలు 2023లో న్యూయార్కు మ్యూజియంలో పెట్టారు. 2024లో ఒక కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి, ఇక్ష్వాకుల కాలంవి. రెండువేల ఏళ్ల కిందట వర్తకులు ఆ బాటల్లోనే వచ్చి ఉంటారని మా వాడు అన్నాడు. ఆ రోజు వాడు లడఖ్ మాట ఎత్తలేదు. అర్వపల్లి, నాగారం వైపు నేల మెట్ట, బాటలు గట్టిగా ఉంటాయి. గుట్ట మీదికి మాత్రం నడిచే ఎక్కాలి. ఉండ్రుగొండ దగ్గర కూడా అంతే. కోదాడ దారిలో కుడి ఎడమలు చూసుకుంటూ పోయేవాళ్లకు తెలుస్తుంది, కోట గోడలున్న గుట్టలు, నరసింహస్వామి గుడి. బండి కింద పెట్టి నడవండి. పాత గోడల మీదికి జీపు ఎక్కించి ఫోటో దిగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మిర్యాలగూడ వైపు సంగతి వేరు. అక్కడ ఎటు చూసినా వరి, రైసుమిల్లులు. సాగర్ ఎడమ కాలువ కింద మడులు తడిగా ఉన్నన్నాళ్లూ బాటల జోలికి పోకూడదు. కోతలై గడ్డి కట్టలు కట్టాక వెళ్లాలి. జాన్‌పహాడ్ దర్గా వైపు, వాడపల్లి వైపు పాత బాటలు కొన్ని దొరికాయి. మా నాన్న బండి కట్టిన దారిలో సగం ఇప్పుడు సిమెంటు రోడ్డు. మిగతా సగంలో రేగుచెట్లు మాత్రం అలాగే ఉన్నాయి. బండి ఆపించి రేగుపళ్లు కోసుకున్నాను. పట్టుచీర కాదు గనక సరిపోయింది.

ఇక పోకూడని చోట్లు. మొదటిది కాలువ కట్ట. ఆ కట్ట మీది దారి నీటిపారుదల శాఖ వాళ్లు కాలువ చూసుకోవడానికి వేసుకున్నది. ఒక పక్క లోతు నీళ్లు. చాలాచోట్ల అడ్డుగోడ ఉండదు. 2019 అక్టోబరులో నడిగూడెం మండలం చాకిరాల దగ్గర ఒక స్కార్పియో బండి సాగర్ కాలువలో పడి ఆరుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. రెండోది అడవి. రిజర్వు ఫారెస్టులో పర్మిషను లేకుండా బండి దించితే కేసు పెడతారు, పెట్టాలి కూడా. మూడోది ఎవరూ చెప్పనిది, వ్యవసాయ బావులు. మన వైపు పాత బావులకు చుట్టూ గోడ ఉండదు. బాట అంచునే ఉంటాయి, మీద తుప్పలు మొలిచి మూసేస్తాయి. పొద్దు గూకాక కొత్త బాటలో బండి నడపొద్దని నేను పట్టుబట్టేది ఇందుకే. అడవిపందుల కోసం కొందరు చేల చుట్టూ కరెంటు తీగలు కూడా పెడుతున్నారు. అది చట్టప్రకారం నేరమే, అయినా మనుషులు పోతూనే ఉన్నారు. చీకట్లో దిగి "ఎక్కడున్నాంరా" అని చేలో నడవకండి.

బండి సంగతులు కూడా కొంచెం తెలుసుకుంటే మంచిది. తారు రోడ్డు మీద నాలుగు చక్రాల రాడ్డు వేసి ఉంచకూడదు. మలుపుల్లో నాలుగు చక్రాలూ ఒకే వేగంతో తిరగలేక లోపలి గేర్ల మీద భారం పడుతుంది. ఇసుకలో దిగేముందు టైర్లలో గాలి కొంత తీస్తే, 30 ఉన్నది 20 దాకా, టైరు పరుచుకుని పట్టు దొరుకుతుంది. మళ్లీ రోడ్డెక్కగానే నింపాలి. అందుకని చిన్న పంపు బండిలోనే ఉండాలి. గట్టి మోకు, పార, రెండు చెక్క పలకలు, మందుల డబ్బా కూడా. దిగుడులో బ్రేకు తొక్కి పట్టుకోకుండా 'లో'లో వేసి మొదటి గేరులో వదిలితే ఇంజనే బండిని ఆపుకుంటుంది. కొండ దిగే బస్సు డ్రైవర్లు చేసేది అదే. ఒంటరి బండితో పోకండి, రెండు బండ్లు కలిసి పోవాలి. పెద్ద టైర్లు, ఎత్తు పెంచడం లాంటి వేషాలు వేయించకండి. కంపెనీ చేసిన రూపం మార్చడానికి వీల్లేదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఇన్సూరెన్సు వాళ్లు కూడా దాన్నే పట్టుకుంటారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 2024 ఆగస్టు 31, శనివారం. ఉదయం నుంచి వాన. రాత్రికి కోదాడ నుంచి అక్క ఫోను. "నీళ్లు మెట్లెక్కినయే, వంటింట్లకొచ్చినయి" అంది. గొంతులో వణుకు. ఆ తర్వాత ఫోను కలవలేదు. మా వాడు అప్పటికే చొక్కా వేసుకుని తాళం కోసం వెతుకుతున్నాడు. "మనకు నాలుగు చక్రాల బండి ఉంది కదమ్మా. దీనికి కాకపోతే ఇంకెందుకది?" అన్నాడు. వాడు అన్నదాంట్లో తప్పేముంది? పెద్దమ్మంటే వాడికి ప్రాణం. చిన్నప్పుడు వాణ్ణి సగం పెంచింది ఆమే.

తాళం నా దగ్గరుంది. చింతపండు జాడీలో వేసి, మూత పెట్టి, జాడీ ముందు కూచున్నాను. మా వారు చెప్పి చూశారు, నేను ఏడ్చాను, వాడు అరిచాడు. "పెద్దమ్మకేమన్నా అయితే నువ్వే కారణం" అన్నాడు. ఆ మాట నాకెలా తగిలి ఉంటుందో మీకు చెప్పాలా? అక్క నాకు కాదా? ఒక పక్క అక్క, ఒక పక్క కొడుకు. ఆ రాత్రంతా నేను జాడీ దగ్గర్నుంచి లేవలేదు.

అడుగు లోతు నీళ్లు పారితే చిన్న కారు తేలిపోతుంది. రెండడుగులైతే జీపునైనా నెట్టేస్తుంది. టైర్ల నిండా గాలే కదా, అవి తేలతాయి. నాలుగు చక్రాలకూ బలం ఉన్నా నేల అంటనప్పుడు ఆ బలం దేనికి? "కింద పట్టు దొరకాలె" అని పొలం పెద్దాయన అన్నమాటే నా చెవుల్లో మోగింది. పైగా నీళ్ల కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో ఎవరికి తెలుసు?

తెల్లారాక తెలిసింది. కోదాడలో కార్లు వరదలో కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. విజయవాడ హైవే మీదికి నీళ్లొచ్చి బండ్లు ఆగిపోయాయి. మధ్యాహ్నానికి అక్క ఫోను కలిసింది. పక్కింటి వాళ్లు వీళ్లందరినీ తమ మేడ మీదికి ఎక్కించుకున్నారట. బియ్యం, పప్పులు, పరుపులు పోయాయి, మనుషులు మిగిలారు. మా వాడు రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. దారి తెరిచాక బియ్యం, దుప్పట్లు, స్టవ్వు జీపులో వేసుకుని కోదాడ వెళ్లాం. ఒక వాగు వంతెన పక్క తుమ్మచెట్లలో ఒక కారు తలకిందులై ఉంది. వాడు బండి నెమ్మది చేసి చూశాడు. ఏమీ అనలేదు. ఆ రాత్రి అక్క ఇంట్లో బురద ఎత్తి పోశాక, తాళం తెచ్చి నా ఒళ్లో పడేసి, "నీ దగ్గరే ఉంచు" అన్నాడు.

అప్పట్నుంచి తాళం నా దగ్గరే. ఇప్పుడు ఏ వాగు దగ్గరికొచ్చినా వాడు బండి ఆపి, కర్ర పట్టుకుని తానే ముందు నడుస్తాడు. మోకాలు దాటిందా, నీళ్లు వడిగా ఉన్నాయా, వెనక్కి తిప్పేస్తాడు. ఈ మధ్య ఇద్దరు స్నేహితులు వాణ్ణి ఎగతాళి చేశారు. "మా అమ్మ ఊరుకోదు" అని నా మీద పెట్టేశాడు. పెట్టనివ్వండి!

తిండి సంగతి చెప్పకుండా ముగిస్తే మీరు ఒప్పుకోరు. మొదటిసారి నేను సాంబారు తీసుకెళ్లి బండంతా సాంబారు చేశాను. కుదుపుల దారికి పులుసులు పనికిరావు. మన తపాల చెక్కకు మించింది లేదు. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి ముద్ద, కరివేపాకు, ఉప్పు వేసి గట్టిగా కలిపి, అడుగు మందం ఉన్న తపాలలో నూనె రాసి పలచగా అద్ది, వేలితో చిల్లులు పెట్టి, చిల్లుల్లో చుక్క చుక్క నూనె పోసి, మూత పెట్టి సన్నటి సెగ మీద కాల్చండి. సాయంత్రం దాకా మెత్తబడదు, ఒలకదు. కడుపులో తిప్పే వాళ్లకు అల్లం ముక్క, ఉప్పు. ఇక బట్టలకంటిన రేగడి మట్టిని తడిమీద రుద్దకండి, మరక లోపలికి పోతుంది. పూర్తిగా ఎండనిచ్చి, దులిపి, అప్పుడు చల్లనీళ్లలో నానబెట్టండి.

ఈసారి సంక్రాంతికి అక్క కూడా వస్తానంది. వాడపల్లి దారిలో మా నాన్న బండి నిలిపే చింతచెట్టు ఇంకా ఉందో లేదో చూడాలట. వరదలో పోయిన దానికి బదులు ఆమెకు కొత్త తపాల ఒకటి కొని ఉంచాను, ఆ రోజు చెక్కలు దాంట్లోనే కాలుద్దామని.